పిల్ల కాలేజీకి పోతానంటోంది

వేసవిలో పదో తరగతి ఫలితాలు వస్తాయి. ఒకరింట్లో చక్కెర పంచుతారు. ఇంకొకరింట్లో ఎవరూ మాట్లాడుకోరు. పాసైన పిల్ల ఇంట్లో ఆ రాత్రి అన్నాలు తిన్నాక ఒక మాట మొదలవుతుంది.

"నేను కాలేజీకి పోతాను" అంటుంది పిల్ల.

"ఎందుకు?" అంటాడు తండ్రి.

"చదివింది చాల్లే. పెళ్లి చేస్తే ఒక పని అయిపోతుంది" అంటుంది నాయనమ్మ.

తల్లి ఏమీ అనదు. ఏమనాలో ఆమెకు తెలియదు. చిన్నప్పుడు ఆమె బడి మొహం చూడలేదు. ఈమధ్యనే రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. కాలేజీ అంటే ఏమిటి? అక్కడ ఏం చెబుతారు? ఎన్నేళ్లు పడుతుంది? ఇవి తెలియకుండా సరే అని ఎలా అంటుంది? వద్దు అని మాత్రం ఎలా అంటుంది?

అక్కా! తండ్రి అడిగిన "ఎందుకు" అనే ప్రశ్న మంచిదే. కోపంగా అడిగినా అడగాల్సిన ప్రశ్నే. కాలేజీకి పోయేవాళ్లందరూ ఒకే పని మీద పోరు. ఒకరు ఉద్యోగం కోసం పోతారు. ఒకరు పెళ్లి తప్పించుకోవడానికి పోతారు. ఒకరు పుస్తకం మీద ప్రేమతో పోతారు. పక్కింటి పిల్ల పోయిందని పోయేవాళ్లూ ఉన్నారు. మన పిల్ల ఎందుకు పోతానంటోందో తెలిస్తే, ఏం చదివించాలో తెలుస్తుంది. అది తెలియకుండా చేర్పిస్తే డబ్బూ పోతుంది, పిల్ల ఏళ్లూ పోతాయి.

కాలేజీ అంటే ఏమిటి?

పదో తరగతి దాకా బడి. ఆ తర్వాత రెండేళ్లు ఇంటర్మీడియట్. మనం ఇంటరు అంటాం. అది చెప్పే చోటును జూనియర్ కాలేజీ అంటారు. ఇంటరు పాసైతే డిగ్రీలో చేరవచ్చు. బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. ఇవన్నీ డిగ్రీలే. మామూలుగా మూడేళ్లు పడుతుంది. ఇంజనీరింగుకు నాలుగేళ్లు. డాక్టరు చదువుకు ఐదున్నర ఏళ్లు.

మరి విశ్వవిద్యాలయం అంటే? దాన్నే యూనివర్సిటీ అంటారు. డిగ్రీ కాలేజీలు దాని కింద ఉంటాయి. కాలేజీలో పాఠాలు చెబుతారు. చాలా కాలేజీలకు పరీక్ష పెట్టేది, పాసైతే పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం. ఈ పట్టా భూమి పట్టా కాదు. అయినా రెండింటికీ ఒక పోలిక ఉంది. రెండింటి మీదా పేరు రాసి ఉంటుంది. అది ఎవరి పేరో చదువుకోవడం ఇప్పుడు మీకు వచ్చు.

మన దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో పెట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో వచ్చింది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో వచ్చింది. 1983లో అదే తిరుపతిలో ఆడపిల్లల కోసమే పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం పెట్టారు. హైదరాబాదులో కోఠి మహిళా కళాశాల పేరు మీరు విని ఉంటారు. దాన్ని 2022లో మహిళా విశ్వవిద్యాలయం చేశారు. ఇప్పుడు దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఐలమ్మ తన పొలం కోసం, పండిన గింజల కోసం దొరకు ఎదురు నిలిచిన మనిషి. ఆమె ఏ కాలేజీలోనూ చదవలేదు. ఈ రోజు ఆడపిల్లలు ఆమె పేరున్న చోట చదువుతున్నారు.

ఒక చిన్న లెక్క వేద్దాం. పది పాసయ్యేసరికి పిల్లకు 15 లేదా 16 ఏళ్లు. ఇంటరు అయ్యేసరికి 17 లేదా 18. డిగ్రీ అయ్యేసరికి 20 లేదా 21. ఈ లెక్క గుర్తుంచుకోండి. కాసేపట్లో దీంతో పని పడుతుంది.

ఒకటో తారీఖు జీతం

"ఎందుకు చదువుతావు?" అని అడిగితే ఎక్కువమంది పిల్లలు "ఉద్యోగం కోసం" అంటారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. చదువంటే జ్ఞానం కోసమేనని, డబ్బు కోసం కాదని కొందరు పెద్దలు చెబుతారు. వాళ్ల ఇంట్లో బియ్యం డబ్బా ఎప్పుడూ నిండుగా ఉంటుంది కాబోలు.

మన సంగతి చూడండి. నాట్లు ఉంటే కూలి ఉంటుంది. నాట్లు అయిపోతే ఉండదు. వాన పడకపోతే ఉండదు. నడుం పట్టేసి మంచాన పడితే ఆ రోజు కూలి లేదు. బిడ్డకు జ్వరం వచ్చి ఆసుపత్రికి పోతే ఆ రోజూ లేదు. నెలజీతం అలాంటిది కాదు. ఒకటో తారీఖున వస్తుంది. జ్వరం వస్తే సెలవు ఉంటుంది. బిడ్డను కంటే సెలవు ఉంటుంది. సర్కారు ఉద్యోగమైతే ఆ సెలవులోనూ జీతం వస్తుంది. రోజు కూలి మీద బతికిన ఇంటికి ఈ తేడా ఎంత పెద్దదో వేరే చెప్పక్కరలేదు.

అయితే ఏ ఉద్యోగానికి ఏ చదువు? మీకు తెలిసిన మనుషుల్నే తీసుకుందాం. ఆసుపత్రిలో సూది వేసే సిస్టరు ఉంది కదా. ఆమె ఇంటరు తర్వాత మూడేళ్లు నర్సింగు చదివి ఉంటుంది. లేదా నాలుగేళ్లు బి.ఎస్సీ. నర్సింగు చదివి ఉంటుంది. హైస్కూలు టీచరు డిగ్రీ చదివి, ఆపైన రెండేళ్లు బి.ఇడి. చేయాలి. చిన్న పిల్లలకు చెప్పే టీచరు ఇంటరు తర్వాత రెండేళ్ల శిక్షణ తీసుకోవాలి. పోలీసు కానిస్టేబుల్‌కు ఇంటరు ఉండాలి. బ్యాంకులో క్లర్కుకు డిగ్రీ ఉండాలి. గ్రూప్-2 పరీక్ష రాయడానికీ డిగ్రీ ఉండాలి. లాయరు కావాలంటే డిగ్రీ తర్వాత మూడేళ్లు, లేదా ఇంటరు తర్వాతే ఐదేళ్లు లా చదవాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇది చాలా ఇళ్లలో తెలియదు. తెలిసేసరికి ఆలస్యం అవుతుంది.

ఇంటరులో చేరేటప్పుడే "ఏ గ్రూపు?" అని అడుగుతారు. ఎం.పి.సి. అంటే లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ. బై.పి.సి. అంటే చెట్లు, జంతువులు, మనిషి శరీరం గురించిన చదువు, దానితో పాటు ఫిజిక్సు, కెమిస్ట్రీ. సి.ఇ.సి. అంటే పౌరశాస్త్రం, అర్థశాస్త్రం, వాణిజ్యం. హెచ్.ఇ.సి. అంటే చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం. పిల్ల డాక్టరు కావాలనుకుంటే, బి.ఎస్సీ. నర్సింగు చదవాలనుకుంటే బై.పి.సి. తీసుకోవాలి. ఇంజనీరు కావాలంటే ఎం.పి.సి. తీసుకోవాలి. లాయరు, టీచరు, గ్రూప్-2 ఆఫీసరు కావడానికి ఏ గ్రూపైనా ఫర్వాలేదు. స్నేహితురాలు చేరిందని సి.ఇ.సి.లో చేరిన పిల్ల, రెండేళ్ల తర్వాత బి.ఎస్సీ. నర్సింగు కావాలంటే సీటు ఇవ్వరు. పదిహేనేళ్ల పిల్ల ఒక్క రోజులో చేసిన పని, ఆరేడేళ్ల బతుకును ఒక దారిలో పెడుతుంది. అందుకే దరఖాస్తు నింపే రోజు తల్లి పక్కన కూర్చోవాలి. "ఈ గ్రూపు తీసుకుంటే తర్వాత ఏం చదవొచ్చు?" అని అడగాలి. కాలేజీ వాళ్లను కూడా అడగవచ్చు. అడిగితే ఎవరూ కొట్టరు.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. డిగ్రీ చేతికి రాగానే ఉద్యోగం వచ్చి ఒళ్లో పడదు. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న పిల్లలు మీ ఊళ్లోనూ ఉంటారు. వాళ్లను చూసే "చదివి ఏం ఉద్ధరించారు?" అంటారు జనం. సర్కారు ఉద్యోగాలు తక్కువ. రాసేవాళ్లు ఎక్కువ. ప్రైవేటు వాళ్లు పట్టా ఒక్కటే చూడరు, పని వచ్చా అని చూస్తారు. కాబట్టి త్వరగా సంపాదించాల్సిన ఇల్లయితే, పది తర్వాత మూడేళ్ల పాలిటెక్నిక్ ఉంది. ఐ.టి.ఐ. ఉంది. నర్సింగు ఉంది. ఇవి కూడా చదువులే. పేరుకు పెద్ద డిగ్రీ ఉంటేనే చదువు అనుకోవద్దు.

పెళ్లి మాట

ఈ సంగతి ఎవరూ దరఖాస్తులో రాయరు. కానీ చాలామంది ఆడపిల్లలు కాలేజీకి పోవడానికి ఇదీ ఒక కారణమే.

పది పాసైన పిల్ల ఇంట్లో ఉంటే సంబంధాలు వస్తాయి. "పిల్ల ఏం చేస్తోంది?" అని అడుగుతారు. "ఇంట్లోనే ఉంది" అంటే మాటలు ముందుకు పోతాయి. "చదువుకుంటోంది" అంటే ఆగుతాయి. ఎదురు మాట్లాడలేని పిల్లకు, కాలేజీ అనేది పెద్దల మనసు నొప్పించకుండా "ఇప్పుడే వద్దు" అని చెప్పే దారి. పిల్ల ఆ మాట నోటితో అనదు. "నేను చదువుకుంటానమ్మా" అంటుంది. తల్లి అర్థం చేసుకోవాలి. మనలో చాలామందికి పద్నాలుగు పదిహేనేళ్లకే పుస్తెలు కట్టారు. పదహారేళ్లకు బిడ్డ ఒళ్లోకి వచ్చింది. ఆ పిల్ల ఏం చెబుతోందో మనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

ఇందాక వేసిన లెక్క ఇప్పుడు చూడండి. ఆడపిల్లకు 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయకూడదు. చట్టం ఉంది. 2006లో చేసిన బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం అది నేరం. చేసిన పెద్దలకూ శిక్ష ఉంది, చేయించినవాళ్లకూ ఉంది. 1098 నంబరుకు ఫోను చేసి ఎవరైనా చెప్పవచ్చు. పది పాసయ్యేసరికి పిల్లకు 15, 16 ఏళ్లే కదా. అంటే పది తర్వాత రెండు మూడేళ్లు పెళ్లి చేయడానికి వీల్లేదు. ఆ ఏళ్లు పిల్ల ఇంట్లో అంట్లు తోముతూ ఉండాలా, ఇంటరు చదువుతూ ఉండాలా? లెక్క అంతవరకే.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. "సంబంధం కుదిరేదాకా కాలేజీకి పోనీ" అని పంపేవాళ్లు ఉన్నారు. పిల్ల రెండో ఏడు చదువుతుండగా సంబంధం కుదురుతుంది. పుస్తకాలు అటక ఎక్కుతాయి. "పెళ్లయ్యాక చదివిస్తాం" అని అత్తవారు అంటారు. ఆ మాట నిలబెట్టుకునేవాళ్లూ ఉన్నారు, లేకపోలేదు. కానీ చాలా ఇళ్లలో మొదటి కానుపుతో ఆ మాట మరుగున పడుతుంది. రెండేళ్ల చదువుకు పట్టా ఉండదు. ఇంకొక్క ఏడాది ఓపిక పడితే పట్టా ఉండేది. ఇలాంటప్పుడు "పరీక్షలయ్యాకే ముహూర్తం" అని తల్లి గట్టిగా అనాలి. తల్లి తప్ప ఇంకెవరూ అనరు.

"ఎక్కువ చదివితే ఎక్కువ చదివినవాణ్ణి తేవాలి, కట్నం పెరుగుతుంది" అని ఒక భయం ఉంది. ఇది ఒట్టి భయం కాదు. చాలా చోట్ల జరుగుతోంది. కట్నం తీసుకోవడం, ఇవ్వడం నేరమని 1961 నుంచి చట్టం ఉన్నా జరుగుతోంది. కానీ కాలేజీ మానేసిన పిల్లకు కట్నం లేకుండా పెళ్లి చేసిన ఇల్లు మీ ఊళ్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ తర్వాత ఇంకోటి ఆలోచించండి. రేపు మొగుడు తాగి వస్తే, కొడితే, లేదా పాపం ఏ జబ్బో చేసి పోతే, చేతిలో చదువున్న పిల్లకు ఒక ఆసరా ఉంటుంది. లేని పిల్ల పుట్టింటి గడప దగ్గర నిలబడుతుంది.

"కాలేజీకి పోతే పిల్ల చెడిపోతుంది" అని ఇంకో మాట. పిల్ల బస్సులో పోతుంది. మగపిల్లలు ఉన్న తరగతిలో కూర్చుంటుంది. నలుగురితో మాట్లాడుతుంది. ఇవి చెడిపోవడం కాదు. ఎవడైనా అల్లరి చేస్తే ఇంట్లో భయం లేకుండా చెప్పేటట్టు పిల్లను పెంచుకోవాలి. "నువ్వే ఏదో చేసి ఉంటావు" అన్నామంటే, ఇక ఆ పిల్ల మనకు ఏదీ చెప్పదు.

జైల్లో పుట్టిన కోరిక

ఎందుకు చదవాలో తెలిసి చదివిన ఒక ఆడమనిషి గురించి చెప్పుకుందాం. ఆమె పేరు దుర్గాబాయి. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లి తనకు వద్దన్నారు. ఇంట్లోవాళ్లు ఆమె మాట విన్నారు. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు.

1930లో గాంధీగారు ఉప్పు సత్యాగ్రహం మొదలుపెట్టారు. దుర్గాబాయి కూడా అందులో దిగారు. జైలుకు పోయారు. జైల్లో నేరాలు మోపబడ్డ ఆడవాళ్లను చూశారు. వాళ్లలో చాలామందికి చదువు లేదు. కోర్టులో ఏం జరిగిందో వాళ్లకు తెలియదు. తమ తరఫున ఏం చెప్పుకోవాలో తెలియదు. చెప్పేవాళ్లూ లేరు. అలాగే శిక్ష పడి, గోడల మధ్య ఉన్నారు. అది చూసి దుర్గాబాయి అనుకున్నారు: నేను లా చదవాలి, ఇలాంటి ఆడవాళ్ల తరఫున మాట్లాడాలి.

అప్పటికి ఆమె మెట్రిక్ కూడా పాసవలేదు. మెట్రిక్ అంటే ఇప్పటి పదో తరగతి లాంటిది. జైలు నుంచి వచ్చాక ఇరవై ఏళ్లు దాటిన వయసులో చదవడం మొదలుపెట్టారు. మెట్రిక్ పరీక్షను కాశీ విశ్వవిద్యాలయం నుంచి ప్రైవేటుగా రాసి పాసయ్యారు. ఇంటరు చదివారు. తర్వాత విశాఖపట్నం దగ్గర వాల్తేరులో ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ.కు పోయారు. అక్కడ ఆడవాళ్లకు హాస్టలు లేదు. హాస్టలు లేదు కాబట్టి సీటు కష్టమన్నారు. ఇంకొకరైతే తిరిగి వచ్చేవారు. ఆమె పత్రికలో ఒక ప్రకటన వేయించారు. "హాస్టలు లేక చదువు ఆగిపోయిన ఆడవాళ్లు ఎవరైనా ఉంటే నాకు రాయండి" అని దాని సారాంశం. కొందరు రాశారు. అందరూ కలిసి ఒక ఇల్లు తీసుకున్నారు. అదే వాళ్ల హాస్టలు. సీటు ఇవ్వక తప్పలేదు.

1939లో బి.ఏ. పాసయ్యారు. 1942లో మద్రాసులో లా పాసయ్యారు. ఈ మధ్యలోనే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లను మళ్లీ చదివించి మెట్రిక్ పరీక్షకు పంపడం ఆ సభ చేసిన మొదటి పనుల్లో ఒకటి. తర్వాత దేశానికి రాజ్యాంగం రాసిన సభలో ఆమె సభ్యురాలు. 1958లో ఆడపిల్లల చదువు మీద ప్రభుత్వం వేసిన కమిటీకి ఆమే పెద్ద. 1981లో చనిపోయారు. పెళ్లి పేరుతో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అని ఆమెను గుర్తుపెట్టుకున్నాం. కానీ పట్టాలన్నీ ఆమె ఆ రెండో పెళ్లికి ముందే, తన కష్టంతో సంపాదించుకున్నవి.

తెలుసుకోవాలని

కొందరు పిల్లలకు తెలుసుకోవాలనే కోరిక ఉంటుంది. ఇది ఉన్న పిల్లను గుర్తుపట్టడం తేలిక. పొట్లం కట్టిన కాగితం కూడా చదువుతుంది. "గ్రహణం ఎందుకు పడుతుంది? బోరులో నీళ్లు ఎందుకు ఎండాయి?" అని అడుగుతుంది. మనం విసుక్కుంటాం. కాలేజీలో ఆ ప్రశ్నలకు జవాబు చెప్పేవాళ్లు ఉంటారు. పెద్ద పుస్తకాల గది ఉంటుంది. సూక్ష్మదర్శినిలో పెట్టి నీటి బొట్టులో తిరిగే పురుగుల్ని చూపిస్తారు.

ఈ కోరిక మీకు కొత్తది కాదు. మీరు పగలంతా పని చేసి, రాత్రి దీపం ముందు ఎందుకు కూర్చున్నారు? బస్సు బోర్డు చదువుకోవాలని. రేషను కార్డు మీద ఏముందో చూసుకోవాలని. సంఘం పుస్తకంలో ఎంత జమ అయిందో ఎవరినీ అడగకుండా తెలుసుకోవాలని. ఎవరూ మిమ్మల్ని ఉద్యోగంలో పెట్టుకుంటామనలేదు. అయినా వచ్చారు. మీ పిల్ల కోరికా అలాంటిదే. కాకపోతే దాని బోర్డు కొంచెం పెద్దది.

అందరూ పోతున్నారని

1991 జనాభా లెక్కల్లో మన రాష్ట్రంలో నూరు మంది ఆడవాళ్లలో 33 మందికే చదవడం, రాయడం వచ్చు. ఆ రోజుల్లో ఊరికి ఒక్క పిల్ల కాలేజీకి పోతే వింతగా చూసేవారు. ఇప్పుడు అలా లేదు. 2021-22లో కేంద్ర ప్రభుత్వం లెక్క తీసింది. దేశం మొత్తం మీద పై చదువుల్లో ఉన్నవాళ్లు 4 కోట్ల 33 లక్షల మంది. వారిలో ఆడపిల్లలు 2 కోట్ల 7 లక్షల మంది. అంటే దాదాపు సగం.

ఇంతమంది పోతుంటే మన పిల్లకూ పోవాలనిపిస్తుంది. తప్పు లేదు. తోడు ఉంటే బస్సు ఎక్కే ధైర్యం వస్తుంది. కానీ పక్కింటి పిల్ల చేరిన కాలేజీలోనే, అదే గ్రూపులోనే చేర్పించాలని ఏమీ లేదు.

వేసవిలో ఊళ్లోకి కాలేజీల తరఫున మనుషులు వస్తారు. రంగు కాగితాలు ఇస్తారు. "ఫీజు కట్టక్కరలేదు, అంతా సర్కారే ఇస్తుంది. సర్టిఫికెట్లు ఇప్పుడే ఇవ్వండి" అంటారు. పిల్లను చేర్చినందుకు వాళ్లకు కమిషను ఉంటుంది. వాళ్ల మాట విని అసలు సర్టిఫికెట్లు చేతిలో పెట్టొద్దు. ముందు కాలేజీని కళ్లతో చూసి రండి. తరగతులు జరుగుతున్నాయా? ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉందా? బస్సు దిగిన చోటు నుంచి ఎంత దూరం నడవాలి? నిరుడు చదివిన పిల్లలు ఏమంటున్నారు? పూర్తిగా చదివి అర్థం చేసుకున్నాకే సంతకం పెట్టండి. అర్థం కాకపోతే రేపు పెడతానని చెప్పండి.

ఖర్చు ఎంత?

ప్రభుత్వ కాలేజీలో కట్టాల్సింది తక్కువ. ప్రైవేటులో ఎక్కువ. బీదపిల్లల ఫీజును సర్కారే కట్టే పథకం 2008లో మొదలైంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటారు. ఆ తర్వాత ప్రభుత్వాలు మారినప్పుడల్లా దాని పేరు, నియమాలు మారాయి. దానివల్ల కూలివాళ్ల పిల్లలు ఎందరో ఇంజనీరింగు దాకా పోయారు. దానితో ఒక చిక్కు కూడా ఉంది. సర్కారు డబ్బు ఆలస్యం అయితే కొన్ని కాలేజీలు "ఫీజు కట్టి సర్టిఫికెట్లు తీసుకుపొండి" అంటాయి. పిల్లల అసలు సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని దేశంలో విశ్వవిద్యాలయాల మీద అజమాయిషీ చేసే యు.జి.సి. 2018లో చెప్పింది. ఈ మాట గుర్తుపెట్టుకొని అడగండి.

ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు టికెట్టు ఇప్పుడు లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. కానీ మీ ఊరికి బస్సే రాకపోతే ఉచితం ఏం లాభం? అప్పుడు హాస్టలు అడగాలి. పదిలో మంచి మార్కులు వచ్చిన పల్లె పిల్లల కోసం బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో 2008లో ట్రిపుల్ ఐటీలు పెట్టారు. పది కాగానే అక్కడ చేరి, ఆరేళ్లు హాస్టల్లో ఉండి ఇంజనీరింగు చదువుతారు. తల్లిని వదిలి ఆరేళ్లు. ఏడుపు వస్తుంది, ఇద్దరికీ.

పైకి కనిపించని ఖర్చు ఒకటి ఉంది. పిల్ల కూలికి పోతే వచ్చే డబ్బు రాదు. ఇంట్లో ఆమె చేసే పని తల్లి మీద పడుతుంది. ఇది ఏ కాగితంలోనూ ఉండదు. ఆ బరువు మోసేది మీరే కాబట్టి, పిల్ల చదువు గురించి ఇంట్లో మాట్లాడే హక్కు అందరికన్నా మీకే ఎక్కువ. మగపిల్లాణ్ణి ప్రైవేటుకు, ఆడపిల్లను ప్రభుత్వ కాలేజీకి పంపుదాం అని ఇంట్లో అనుకుంటే, ఎవరికి ఎన్ని మార్కులు వచ్చాయో కాగితం తెచ్చి చూపించమనండి. మీరే చదవండి.

కాలేజీకి తీసుకెళ్లాల్సినవి: పది మార్కుల మెమో, టి.సి., స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్, ఫొటోలు. స్కాలర్‌షిప్పు కోసం కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం. చివరి రెండూ మీసేవలో గానీ, సచివాలయంలో గానీ దరఖాస్తు పెట్టాలి. రావడానికి రోజులు పడుతుంది. ఫలితాలు వచ్చేదాకా ఆగొద్దు, ముందే పెట్టుకోండి.

పెళ్లయినవాళ్ల మాటేమిటి?

పెళ్లయిందనో, పని ఉందనో కాలేజీకి పోలేనివాళ్ల కోసం 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. ఓపెన్ యూనివర్సిటీ అంటారు. దేశంలో ఇలాంటిది ఇదే మొదటిది. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంట్లో ఉండి పుస్తకాలు చదువుకోవచ్చు. సెలవు రోజుల్లో తరగతులకు పోవచ్చు. మీ కోడలు ఇంటరు పాసై ఉంటే ఈ సంగతి ఆమెకు చెప్పండి. అత్తగారే చెబితే ఇంక అడ్డేముంది?

మరి మీరు? నవ్వకండి. పది పాసు కావడానికి చిన్నప్పుడు బడికి పోయి ఉండాల్సిన పని లేదు. 1991లో మన రాష్ట్రంలో ఓపెన్ స్కూలు పెట్టారు. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. 14 ఏళ్లు నిండితే చాలు, చదవడం రాయడం వస్తే పదికి దరఖాస్తు పెట్టవచ్చు. ఎక్కువ వయసైతే పనికిరాదు అనే నియమం లేదు. ఆడవాళ్లకు ఫీజులో తగ్గింపు ఉంది. అన్నీ ఒక్కసారే రాయాలని లేదు. ఈసారి రెండు, వచ్చేసారి రెండు రాసుకోవచ్చు. పాసైనవి పాసైనట్టే ఉంటాయి.

దగ్గరలోని ప్రభుత్వ హైస్కూలుకు పోయి "ఓపెన్ స్కూలు సెంటరు ఎక్కడ ఉంది?" అని అడగండి. వయసు చూపే కాగితం, ఆధార్, రెండు ఫొటోలు వెంట తీసుకెళ్లండి. సంతకం పెట్టే చోట వేలిముద్ర డబ్బా ముందుకు జరిపితే, పెన్ను అడగండి.